కొత్త నగరానికి డబ్ల్యూ వంటి హోటల్ నప్పుతుందా?

రాయదుర్గం వాసి:

ఈ చర్చకు కారణం ఏదో ఒక ప్రకటన కాదు, రోజూ నేను ఆఫీసుకు వెళ్లే దారి. హైదరాబాద్‌లో దుర్గం చెరువు తీగల వంతెన దాటి రాయదుర్గం, నానక్‌రామ్‌గూడ మీదుగా కోకాపేట దాకా వెళ్తే, ఒకప్పుడు రాళ్లగుట్టలూ సీతాఫలం చెట్లూ ఉన్నచోట ఇప్పుడు ముప్పై, నలభై అంతస్తుల భవనాలు లేస్తున్నాయి. చార్మినార్ చుట్టూ ఉన్నది పాత నగరమైతే, మన కళ్ల ముందే పుట్టిన కొత్త నగరం ఇది. దీనికి ఎలాంటి హోటల్ నప్పుతుందో సభ్యులతో చర్చించాలని ఉంది.

నా అభిప్రాయం ముందే చెప్తాను. డబ్ల్యూ (W) వంటి విదేశీ హోటల్ ఒకటి ఇక్కడికి రావాలని నా కోరిక. మన సైబర్ టవర్స్ ప్రారంభమైన 1998లోనే న్యూయార్క్‌లోని లెగ్జింగ్టన్ అవెన్యూలో స్టార్‌వుడ్ సంస్థ మొదటి డబ్ల్యూ హోటల్ తెరిచింది. అప్పటిదాకా ఖరీదైన హోటల్ అంటే పాలరాయి, షాండ్లియర్, మాట్లాడాలంటే గొంతు తగ్గించుకోవలసిన నిశ్శబ్దం. డబ్ల్యూ ఆ పద్ధతిని తిరగేసింది. లాబీని ‘లివింగ్ రూమ్’ అని పిలిచి, అందులోనే బార్ పెట్టి, సంగీతం పెట్టి, గది తీసుకోని ఊరివాళ్లు కూడా సాయంత్రం వచ్చి కూర్చునే చోటుగా మార్చింది. 2016లో మారియట్ సంస్థ స్టార్‌వుడ్‌ను కొన్నది. మన దేశంలో మొదటి డబ్ల్యూ గోవాలోని వాగతూర్‌లో తెరుచుకున్నదీ ఆ ఏడాదే. మన పడమటి వైపు వెస్టిన్, ట్రైడెంట్, షెరటన్, ఐటీసీ కోహినూర్ ఉన్నాయి. అన్నీ మంచి హోటళ్లే. కానీ అవి ఎక్కువగా పనిమీద వచ్చి వెళ్లేవారిని దృష్టిలో పెట్టుకున్నవి. ఇక్కడే ఉద్యోగం చేస్తూ, ఇక్కడే ఇల్లు కొనుక్కున్న మా తరానికి ‘ఇది మాది’ అనిపించే హోటల్ లేదు.

పాతబస్తీ మనవడు:

రాయదుర్గం వాసి గారి కోరికను గౌరవిస్తాను, కానీ మొదటి పేరా దగ్గరే నాకు అభ్యంతరం ఉంది. నగరంలో సగం కొత్తదని, దానికి పాతదానితో పనిలేదని అనుకోవడంలోనే పొరపాటు ఉంది.

ఫలక్‌నుమాను చూడండి. 1884లో నవాబు వికారుల్ ఉమ్రా పునాది వేయించిన ఆ ప్యాలెస్ తరవాత ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ చేతికి వచ్చింది. ఎన్నో ఏళ్లు మూతబడి, నిజాం కుటుంబపు కోడలు యువరాణి ఎస్రా పూనికతో తాజ్ సంస్థ బాగుచేయగా 2010 నవంబరులో హోటల్‌గా తెరుచుకుంది. అక్కడ నూట ఒక్కమంది కూర్చునే భోజనాల బల్ల ఉందని అందరికీ తెలుసు. నాకు మాత్రం గుర్తుండేది ఆ బల్ల కాదు, కింది గేటు దగ్గర కారు ఆపేసి గుర్రపు బగ్గీ ఎక్కించి నెమ్మదిగా కొండ మీదికి తీసుకువెళ్లే ఆ కాసేపు. వచ్చినవాడు అలసి ఉంటాడనీ, గడప దాటకముందే వాడి మనసు కుదుటపడాలనీ తెలిసినవాళ్ల మర్యాద అది. మా తాతగారింట్లో ఎవరొచ్చినా ముందు మంచినీళ్లు, ఆ తరవాతే ఎందుకొచ్చారన్న ప్రశ్న. హైదరాబాద్ మెహమాన్ నవాజీ అంటే అదే. లోపలికి అడుగుపెట్టగానే గుండె అదిరే సంగీతంతో పలకరించే హోటల్ ఈ ఊరి మర్యాదకు ఎలా సరిపోతుందో నాకు అర్థం కావడం లేదు.

నైట్ షిఫ్ట్:

పాతబస్తీ మనవడు గారూ, ఫలక్‌నుమాలో టీ తాగాలన్నా ముందుగా బుక్ చేసుకోవాలి. అది ఏడాదికి ఒకసారి వెళ్లే చోటు. మేం అడుగుతున్నది మంగళవారం సాయంత్రం వెళ్లే చోటు.

నేను అమెరికా సమయాల ప్రకారం పనిచేస్తాను. నా స్నేహితురాళ్లలో చాలామంది ఒంటరిగా ఈ నగరానికి వచ్చి హాస్టళ్లలో, అద్దె ఫ్లాట్లలో ఉంటున్నవారు. పెద్ద హోటల్ లాబీలోకి ఒక ఆడపిల్ల ఒంటరిగా వెళ్లి, గది లేకుండా, ఎవరికోసమూ ఎదురుచూడకుండా, ఒక కాఫీ తీసుకుని గంటసేపు పుస్తకం చదువుకుంటే, మొదటి పది నిమిషాల్లోనే ఎవరో ఒకరు వచ్చి ‘మేడమ్, మీరు ఎవరిని కలవాలి?’ అని మర్యాదగా అడుగుతారు. ఆ మర్యాదలో ‘మీకు ఇక్కడ ఏం పని?’ అన్న ప్రశ్న ఉంటుంది. ఊరివాళ్లు కూర్చోవడానికే లాబీ అని మొదటినుంచీ అనుకున్న హోటల్‌లో ఆ ప్రశ్న ఎదురుకాదని నా నమ్మకం. అందుకే నేను రాయదుర్గం వాసి గారి పక్షం.

విందుల విభాగం:

నేను పన్నెండేళ్లుగా ఈ నగరంలో స్టార్ హోటళ్ల బాంకెట్ విభాగంలో పనిచేస్తున్నాను. ఏ హోటలో చెప్పను గానీ, మీ చర్చలో ఇంతవరకూ రాని విషయం ఒకటి చెప్పాలి. హైదరాబాద్‌లో పెద్ద హోటల్‌ను నిలబెట్టేది గదులూ కాదు, బారూ కాదు. పెళ్లి.

తెలుగువారి పెళ్లి హోటల్‌లో ఎలా జరుగుతుందో చూసినవారికే తెలుస్తుంది. మగపెళ్లివారికి రెండు అంతస్తుల గదులు విడిదిగా ఇస్తాం. సాయంత్రం ఎదుర్కోలు లాబీలోనే జరుగుతుంది, పానకం బిందెలతో, సన్నాయి మేళంతో. ముహూర్తం తెల్లవారుజామున మూడున్నరకు ఉంటే రెండు గంటలకే మంగళస్నానాలకు వేడినీళ్లు అందాలి, పురోహితుడికి పీటలు అమర్చాలి, వంటవాళ్లు ఇడ్లీ పిండి కలపాలి. హోమం వెలిగించే ముందు ఇంజనీరింగ్ విభాగం వాళ్లు ఆ హాలులోని పొగ సెన్సర్లను తాత్కాలికంగా ఆపి, మంటలార్పే సిలిండర్ పట్టుకుని ఒక మనిషిని పక్కనే నిలబెడతారు. ఇక తలంబ్రాలు. పసుపు కలిపిన బియ్యం తివాచీలోకి దిగితే వాక్యూమ్ యంత్రానికి గింజలు వస్తాయి గానీ పసుపు రాదు. తడిగుడ్డ పెడితే ఇంకా పాకుతుంది. మా కుర్రాళ్లు మోకాళ్ల మీద కూర్చుని, ముందు పొడి బ్రష్‌తో దులిపి, ఆ తరవాతే ద్రావకం పూస్తారు. అదే హాలులో సాయంత్రం వలీమా, అంటే ముస్లింల పెళ్లి విందు, ఉంటే, మధ్యాహ్నానికల్లా ఆ పసుపు జాడ పోవాలి. ఆ విందులో భోజనం వడ్డించేసరికి రాత్రి పదకొండు దాటుతుంది.

ఇప్పుడు మీరు కోరుతున్న హోటల్‌ను ఈ రోజులోకి తెచ్చి చూడండి. లాబీలో డీజే వాయిస్తున్న వేళకు ఎదుర్కోలు సన్నాయి ఎక్కడ మోగుతుంది? మసక వెలుతురులో అరవై ఏళ్ల మేనత్త పట్టుచీర కుచ్చిళ్లు పట్టుకుని ఎలా నడుస్తుంది? ఆషాఢంలోనూ శూన్యమాసంలోనూ మా హాళ్లు ఖాళీగా ఉంటాయి, ఆ నెలల లోటును శ్రావణం, మాఘం, వైశాఖం పూడుస్తాయి. ఆ నెలల పెళ్లిళ్లను వదులుకుంటే ఆ హోటల్ దేని మీద బతుకుతుందో చెప్పండి.

రాయదుర్గం వాసి:

విందుల విభాగం గారూ, ఇది నేను ఆలోచించని విషయమని ఒప్పుకుంటున్నాను. అయితే ప్రతి హోటలూ పెళ్లి చేయవలసిందేనా? నగరంలో కన్వెన్షన్ హాళ్లు లెక్కలేనన్ని ఉన్నాయి కదా.

లెక్కల మాస్టారు:

ఆ ప్రశ్నకు జవాబు భూమి ధరలో ఉంది. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ లేఅవుట్ భూముల వేలంలో ఎకరం 100 కోట్ల 75 లక్షలు పలికింది. ఎత్తు మీద గట్టి పరిమితి లేని మన నగరంలో అంత ధర పెట్టి భూమి కొన్నవాడు అపార్టుమెంట్లు కడితే, కట్టకముందే అమ్మకం మొదలుపెట్టి నాలుగైదేళ్లలో పెట్టుబడి వెనక్కి తెచ్చుకోవచ్చు. హోటల్ కడితే తలుపులు తెరిచిన తరవాత పన్నెండు, పదిహేనేళ్లకు గానీ ఆ డబ్బు తిరిగి రాదు. కాబట్టి ఇక్కడ హోటల్ కట్టే మనిషి పెళ్లి ఆదాయాన్ని వదులుకోగలిగిన స్థితిలో ఉండడు.

సాధారణంగా పాఠకులకు తెలియని మరో విషయం ఉంది. బోర్డు మీద పేరున్న విదేశీ సంస్థ చాలా సందర్భాల్లో ఆ భవనానికి యజమాని కాదు. భూమి, భవనం, అప్పు అన్నీ ఇక్కడి యజమానివి. విదేశీ సంస్థ పేరు ఇస్తుంది, నిర్వహణ చూస్తుంది. దానికి మొత్తం ఆదాయంలో కొద్ది శాతం, నిర్వహణ లాభంలో మరికొంత తీసుకుంటుంది. ఒప్పందాలు ఇరవై ఏళ్లకూ అంతకు మించీ ఉంటాయి. నష్టం వస్తే అప్పు కట్టేది యజమానే. కొన్నేళ్లకొకసారి సోఫాలు, దీపాలు, గదుల హంగు మార్చాలని సంస్థ చెప్తే ఆ ఖర్చూ యజమానిదే.

ఫ్యాషన్ మీద ఆధారపడిన బ్రాండ్ విషయంలో ఇది మరీ ముఖ్యం. చెక్కతో, రాతితో చేసిన గది ముప్పై ఏళ్లకు వయసు మీద పడి హుందాగా కనిపిస్తుంది. ఊదారంగు దీపాలూ మెరిసే ప్లాస్టిక్కూ ఉన్న గది ఎనిమిదేళ్లకే పాతబడి కనిపిస్తుంది. డబ్ల్యూకే ఈ ఇబ్బంది ఎదురైంది. 2019లో మారియట్ న్యూయార్క్ యూనియన్ స్క్వేర్‌లోని డబ్ల్యూ భవనాన్ని తానే కొని, బ్రాండ్ కొత్త రూపం ఎలా ఉండాలో యజమానులకు చూపించడానికి దాన్ని తిరిగి తీర్చిదిద్దింది. సాధారణంగా భవనాలు కొనని సంస్థ అంత పని చేసిందంటే, పాత రూపం యువతరానికి చేరడం లేదని దానికి అర్థమైందనే నేను భావిస్తున్నాను. మనం ఇక్కడ ఏ రూపాన్ని కోరుకుంటున్నామో తేల్చుకోవాలి. 1998 నాటి రూపాన్నా, ఇప్పటి రూపాన్నా?

సోమాజిగూడ పాఠకుడు:

ఈ ప్రయోగం మన దగ్గర జరగలేదని అనుకోకండి. హుస్సేన్ సాగర్ ఒడ్డున ది పార్క్ హోటల్ 2010లోనే వచ్చింది. అది మన దేశపు సంస్థే, డిజైన్‌కు ప్రాధాన్యం ఇచ్చే హోటలే, భవనం ముఖభాగానికి నిజాం నగల నుంచి స్ఫూర్తి తీసుకున్నారు. నైట్‌క్లబ్ కూడా ఉండేది. విదేశీ పేరు వస్తేనే కొత్తదనం వస్తుందన్న వాదన నాకు నచ్చదు.

సమయపాలన:

డబ్ల్యూ తరహా హోటల్‌కు రాత్రి ప్రాణం. మన నగరంలో బార్లు మామూలు రోజుల్లో 12 గంటలకు, వారాంతాల్లో ఒంటిగంటకు మూసేయాలి. పదిన్నరకు మొదలయ్యే సంగీతం గంటన్నరలో ఆగిపోతే ఆ బ్రాండ్‌లో మిగిలేది కుర్చీలే.

నిజాంపేట గృహిణి:

మా అత్తగారికి డెబ్బై రెండేళ్లు. రెండేళ్ల కిందట మా ఆడపడుచు ఉండే ఊరికి వెళ్లినప్పుడు, మా వారు సరదాపడి అక్కడి ఒక కొత్త తరహా విదేశీ హోటల్‌లో గదులు తీసుకున్నారు. పేరు రాయను. లాబీలో సోఫాలు మోకాళ్ల కంటే కిందికి ఉన్నాయి. ఆవిడ కూర్చోవడం అయితే కూర్చున్నారు గానీ లేవలేకపోయారు. ఇద్దరం రెండు రెక్కలూ పట్టుకుని లేపవలసి వచ్చింది. కూర్చునే చోటు చుట్టూ అలంకారానికి రెండు మెట్లు దిగుడు పెట్టారు, నేలా మెట్టూ ఒకే నలుపు రంగు. గదిలో స్నానాల గదికి గోడ లేదు, గాజు పలక మాత్రమే ఉంది. ఆవిడ రెండు రోజులూ నన్ను గదిలోంచి బయటికి పంపి, తలుపు దగ్గర కాపలా నిలబెట్టి స్నానం చేశారు. పనివాళ్లు చాలా మంచివాళ్లు, ఏది అడిగినా పరుగెత్తి తెచ్చారు. అయినా ఆ ఇల్లు కట్టినవాడు మా అత్తగారి వయసు మనిషి అక్కడికి వస్తుందని ఊహించనే లేదు.

నైట్ షిఫ్ట్ గారు చెప్పిన బాధ నాకూ తెలుసు, నేనూ ఒంటరిగా ఉద్యోగం చేసినదాన్నే. కానీ మన ఊళ్లో హోటల్‌కు వెళ్లేది ఎక్కువగా కుటుంబం. పుట్టినరోజుకు, షష్టిపూర్తికి, అబ్బాయి అమెరికా నుంచి వచ్చినప్పుడు మూడు తరాలవాళ్లం కలిసి వెళ్తాం. నిజానికి తెలుగులో హోటల్ అంటే టిఫిన్ దొరికే చోటే కదా. గదులున్నవాటికి లాడ్జి అనో స్టార్ హోటల్ అనో వేరే మాట పెట్టుకున్నాం. బల్ల చుట్టూ కూర్చుని తినడమే మనకు ముందు.

నైట్ షిఫ్ట్:

గృహిణి గారూ, మీ మాటతో ఏకీభవిస్తున్నాను. గాజు స్నానాల గది నాకూ అక్కర్లేదు. అయితే నాకొక సందేహం. కుటుంబం కోసం కట్టిన హోటళ్లు ఇప్పటికే పది ఉన్నాయి. ఒంటరివారి కోసం ఒక్కటి కడితే కుటుంబాలకు ఏం తక్కువవుతుంది?

రాతిగుట్ట:

చర్చ మంచి దారిలో ఉంది కాబట్టి నేను భవనం గురించే మాట్లాడతాను. మన నేల కింద ఉన్నది దాదాపు రెండు వందల యాభై కోట్ల ఏళ్ల వయసున్న గ్రానైట్. ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు నిలిచిన ఆ బండలను కాపాడాలని 1996 నుంచీ ఇక్కడ ఒక సంఘం పనిచేస్తోంది. ఖాజాగూడ వైపు ఉన్న ఆ రాళ్ల పక్కన సాయంత్రం నిలబడితే, పగలంతా తాగిన ఎండను రాత్రి ఎనిమిది దాకా వెనక్కి ఇస్తూ ఉంటాయి; చెయ్యి ఆనిస్తే వెచ్చగా తగులుతుంది. కొత్త నగరానికి గుర్తు ఏదంటే నాకు అద్దాల భవనం కాదు, ఆ రాయి. అయినా హోటల్ కట్టేవాడు మొదట చేసే పని దాన్ని పేల్చి, చదును చేసి, ఆ తరవాత లాబీలో ఇటలీ పాలరాయి పరచడం.

బండను కదపకుండా దాని చుట్టూ లాబీ కట్టే సంస్థ ఏ దేశానిదైనా నాకు అభ్యంతరం లేదు. గోడలకు పోచంపల్లి ఇక్కత్, బల్లల మీద బీదరీ పనితనం, గదిలో ఒక చేర్యాల బొమ్మ పెట్టి స్థానికత అయిపోయిందనుకోవడం మాత్రం చాలదు. అవి తరవాత తెచ్చుకోవచ్చు. పోయిన రాయిని తెచ్చుకోలేం.

ట్యాంక్‌బండ్ పెద్దాయన:

నా వయసు వల్ల ఒక మాట చెప్పగలను. ఈ నగరంలో హోటళ్ల బోర్డులు మారడం నేను చాలా చూశాను. కృష్ణా ఒబెరాయ్ తాజ్ కృష్ణా అయింది, కాకతీయ షెరటన్ ఐటీసీ కాకతీయ అయింది. ట్యాంక్‌బండ్ దగ్గరి వైస్రాయ్ మారియట్ అయింది, అయినా మా వయసువాళ్లం ఈనాటికీ దాన్ని వైస్రాయ్ అనే అంటాం. 1995 ఆగస్టులో తెలుగుదేశం శాసనసభ్యులను అందులో ఉంచడం, ఎన్టీ రామారావు గారు పదవి కోల్పోవడం మా కళ్లతో చూశాం. ఏ కంపెనీ వచ్చి ఏ పేరు పెట్టినా ఆ భవనం మాకు వైస్రాయే. నౌబత్ పహాడ్ కింద హిల్‌ఫోర్ట్ ప్యాలెస్‌లో ఉన్న రిట్జ్ మూతబడి ఎన్నేళ్లో అయింది, ఇప్పటికీ ఆ పచ్చిక మీద టీ తాగిన సంగతి చెప్పుకునేవాళ్లున్నారు. కాబట్టి బ్రాండ్ నప్పుతుందా లేదా అన్నదానికి నేను పెద్ద విలువ ఇవ్వను. అక్కడ మన జీవితంలో ఏదైనా జరిగితే అది మన హోటల్ అవుతుంది. జరగాలంటే మనల్ని లోపలికి రానివ్వాలి.

రాయదుర్గం వాసి:

అందరి మాటలూ రెండుసార్లు చదివాను. డబ్ల్యూ వద్దని నేను ఇప్పటికీ అనను. ఊరివాళ్లను లాబీలో కూర్చోబెట్టాలన్న దాని మొదటి ఆలోచన మన నగరానికే ఎక్కువ నప్పుతుందని నా నమ్మకం, ఎందుకంటే ఒక ఇరానీ చాయ్‌తో గంటలు గంటలు కూర్చోవడం మనకు కొత్త కాదు. ఆ ఆలోచనను బార్ చుట్టూ కట్టడం దగ్గరే ఇక్కడ తేడా వస్తోంది. పగలు తెరిచి ఉండే లివింగ్ రూమ్, పొద్దున ఆరింటికి పెసరట్టు, సాయంత్రం చాయ్, చేతులున్న ఎత్తైన కుర్చీలు, గది లేనివాళ్లను ప్రశ్నించని మనుషులు ఉంటే నైట్ షిఫ్ట్ గారూ గృహిణి గారి అత్తగారూ ఒకే చోట కూర్చోగలరు. ఇందుకు విదేశీ సంస్థ తన నిబంధనల పుస్తకంలో మార్పులు ఒప్పుకోవాలి, ఒప్పందం మీద సంతకం పెట్టేముందే ఇక్కడి యజమాని వాటిని అడగాలి. సంతకం అయ్యాక అడిగే వీలుండదని మాస్టారు గారి మాటల వల్ల అర్థమైంది.

విందుల విభాగం గారిని ఒక్కటి అడగాలి. పెళ్లి హాలు, లివింగ్ రూమ్ రెండూ ఉన్న భవనంలో ఒకదాని శబ్దం మరొకదానికి తగలకుండా కట్టడం సాధ్యమేనా?

విందుల విభాగం:

సాధ్యమే, ప్లాన్ గీసే రోజునే అనుకుంటే. హాలుకు వేరే గేటు, వేరే పోర్టికో, వేరే లిఫ్టులు ఉండాలి. ఊరేగింపు బ్యాండుతో వచ్చి ఆగడానికి ఆ పోర్టికో ముందు కనీసం పది కార్ల జాగా కావాలి. వంటింటి నుంచి హాలుకు సామాన్లు తీసుకెళ్లే దారి అతిథుల దారిని ఎక్కడా దాటకూడదు. ఎదుర్కోలుకు లాబీ బదులు హాలు ముందే ఒక వసారా ఇస్తే పెళ్లివారు ఇంకా సంతోషిస్తారు. హోమానికి నాలుగో అంతస్తు పైన పైకప్పు లేని డాబా ఒకటి వదిలితే పొగ సెన్సర్ల గొడవే ఉండదు. ఆ డాబాకు తివాచీ వేయకండి, తాండూరు రాయి పరవండి. తలంబ్రాలు చీపురుతో ఊడ్చి ఒక్కసారి నీళ్లు కొడితే పసుపు పోతుంది.

నిజాంపేట గృహిణి:

ఆ డాబాకు లిఫ్టు కూడా ఉండాలని రాయండి.

విందుల విభాగం:

రాస్తున్నాను అమ్మా. లిఫ్టు దిగిన చోటి నుంచి పీటల దాకా ఒక్క మెట్టు కూడా లేకుండా.